బుట్ట ఖాళీగా ఉన్న వారాలు

(మండల మహిళా సమాఖ్య 2023–24 వార్షిక మహాజన సభలో, సముద్రం అంచు గ్రామాల తరఫున ఒక కూరగాయల రైతు సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



మా సంఘం వంకాయలకు జనవరి ప్రదర్శనలో మొదటి బహుమతి వచ్చిందని, దాని గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. సంతోషం. బహుమతి గురించి చెప్తాను. కానీ దానికి ముందు ఆ వంకాయ చెట్టు ఏమేం దాటుకుని జనవరి దాకా వచ్చిందో చెప్పాలి. అది చెప్పకపోతే ఈ మాటల వల్ల ఎవురికీ ఉపయోగం ఉండదు.

మనది వరి జిల్లా. వరి రైతుని పంట ఎట్లుందని అడిగితే పుట్లల్లో చెప్తాడు. ఎకరానికి ఇన్ని పుట్లు పండింది, పుట్టి ఇంతకి అమ్మాం అంటాడు. వరికి ఏడాదిలో ఒకటో రెండో కోతలు. కూరగాయలకి ఆ లెక్క పనికిరాదు. బెండ రోజు మార్చి రోజు కోయాలి. వంకాయ వారానికి ఒకటి రెండు సార్లు కోయాలి. ఆ డబ్బులతోనే పాలవాడికి ఇవ్వాల, పిల్లల ఆటోకి కట్టాల, సంఘంలో పొదుపు వెయ్యాల, వాయిదా కట్టాల. అందుకే మా ఇంట్లో లెక్క కిలోల్లో ఉండదు, వారాల్లో ఉంటది. ఈ పంటకాలంలో ఎన్ని వారాలు బుట్ట నిండింది, ఎన్ని వారాలు ఖాళీగా ఉండింది అన్నదే లెక్క. ఈ రోజు ఆ లెక్కే మీ ముందు పెడతా.

మా ఊరు సముద్రానికి దగ్గర. ఇసుక నేల. నాది అరవై సెంట్లు, అదీ కౌలుకి. నీళ్లకి దొరువు ఉంది. దొరువు తెలియని చెల్లెళ్లు ఈ సభలో ఉండొచ్చు, ఒక్క మాట చెప్తా. మన తీరంలో ఇసుక కింద వాన నీళ్లు తీపిగా పైన తేలుతుంటాయి, ఉప్పు నీళ్లు బరువు కాబట్టి కింద ఉంటాయి. లోతు తక్కువగా గుంట తవ్వి, ఆ పైనున్న తీపి నీళ్లు మాత్రం తీసుకుంటే అది దొరువు. ఆశపడి మోటారు గంటలు గంటలు ఆడిస్తే కింద ఉప్పు పైకి లేస్తది. ఆ నీళ్లు పెడితే వంగ ఆకు అంచులు మాడిపోతాయి. బాపట్లలో ఉప్పునీటి మీద పరిశోధన చేసే కేంద్రం వాళ్లు ఇదే దొరువుని కొంచెం మార్చి, భూమిలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, నీళ్లన్నీ ఒక గుంటలోకి చేరేటట్టు పద్ధతి చెప్పారు. దాంట్లోనూ సూత్రం ఒకటే. పైపైన, కొంచెం కొంచెం తీసుకోవాల.

2023లో ఆగస్టు నెల ఎట్లా పొయ్యిందో అందరికీ గుర్తుంటది. 1901 నుంచి లెక్క చూసుకుంటే దేశం మొత్తం మీద అంత ఎండిన ఆగస్టు లేదంట. మన జిల్లాకి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడతది కాబట్టి ఆగస్టు వాన మీద మనం పెద్దగా ఆధారపడం. కానీ దొరువులో తీపి నీళ్ల పొర పలచబడింది. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట మాత్రమే మోటారు వేసుకుని నారుమళ్లు కాపాడుకున్నాం. చాళ్ల మీద వరిగడ్డి, ఎండాకు పరిచి తడి ఆరిపోకుండా చూసుకున్నాం.

అప్పటికి ఇంకొక ఆశ అందరినీ పట్టుకుంది. జూలై ఆఖరుకి మదనపల్లెలో టమాటా మంచి రకం కిలో రెండొందల దాకా పలికింది. టీవీలో చూసి మా సంఘంలో ఇద్దరు ముగ్గురు, మనమూ టమాటా పెడదాం అన్నారు. సంఘం సమావేశంలో కూర్చుని మాట్లాడుకున్నాం. ఇప్పుడు నారు పోస్తే కాయ చేతికొచ్చేది నవంబరుకి. ఈ ధర చూసి రాష్ట్రమంతా నాటి ఉంటారు. అప్పటికి రేటు ఎక్కడుంటదో, మన ఇసుకలో, తుఫాను నెలలో టమాటా నిలబడతదో లేదో. వద్దనుకున్నాం. సెప్టెంబరుకే టమాటా ధర పడిపొయ్యింది. టీవీలో ధర చూసి పంట ఎంచుకునేదానికి లేదని మా అందరికీ అర్థమైంది.

మేం చేసిన పని ఏందంటే, భూమిని భాగాలు చేసుకున్నాం. జూలై ఆఖర్లో వంగ నారు పోసి సెప్టెంబరు మొదట్లో నాటాను. సెప్టెంబరు ఇరవై ప్రాంతంలో బెండ, గోరుచిక్కుడు వేశాను. గట్టు మీద పందిరి కట్టి బీర పెట్టాను. నవంబరు నడిమిలో, మొదటి వంగ కాపుకొచ్చేటప్పటికి, రెండో విడత నారు పోశాను. ఆ నారుమడి మాత్రం ఇంటి పక్కన, మెరక మీద, మోకాలెత్తు మట్టి వేసి కట్టుకున్నా. చుట్టూ రెండు వరసలు జొన్న, మధ్య మధ్యలో బంతి. ఇదంతా ప్రకృతి వ్యవసాయం ఐసీఆర్పీ చెల్లెలు మా గ్రామ సంఘంలో నేర్పించిందే. నేను కనిపెట్టింది ఏమీ లేదు.

ఇంక పురుగుల సంగతి. బెండకి పల్లాకు తెగులు వచ్చింది. ఆకు ఈనెలు పసుపు పచ్చగా తిరిగి కాయ పాలిపోతది. అది వైరస్. దానికి మందు లేదు. తెల్లదోమ ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి మోస్తది. అందుకని కనిపించిన చెట్టు కనిపించినట్టే పీకి దూరంగా పూడ్చిపెట్టాను. జిగురు పూసిన పసుపు అట్టలు కట్టాను. వేపగింజల కషాయం కొట్టాను. ఐదు కిలోల గింజల పొడి వంద లీటర్ల నీళ్లకి. ఆ గింజలు జూన్‌లో చెట్ల కింద ఏరి ఎండబెట్టుకున్నవి, కొన్నది కాదు.

వంకాయకి ఎప్పటి శత్రువే, కొమ్మ, కాయ తొలిచే పురుగు. దీని గురించి అందరం ఒకటి గుర్తు పెట్టుకోవాల. గుడ్డులో నుంచి బయటికొచ్చిన పిల్ల పురుగు కాసేపటికే లేత కొమ్మలోకో కాయలోకో దూరిపోతది. దూరినాక పైన మనం ఏం కొట్టినా దానికి తగలదు. మందు అంగడిలో చేతికిచ్చిన డబ్బా ఎంత ఖరీదుదైనా అంతే. తలకొన వాడి వేలాడుతున్న కొమ్మని ఒక అంగుళం కిందికి తుంచి, సబ్బు నీళ్ల బకెట్‌లో వెయ్యాల. వారానికి రెండు సార్లు తోటంతా తిరగాల. ఎకరానికి పది చొప్పున లింగాకర్షక బుట్టలు పెట్టుకుని, నెలకోసారి ఎర మార్చాల. మా సంఘంలో ఆరుగురం కూరగాయల వాళ్లం ఉన్నాం. మంగళవారం ఒకరి తోట, శుక్రవారం ఇంకొకరి తోట అని పెట్టుకుని అందరం కలిసి కొమ్మలు తుంచాం. ఎందుకంటే నేను తుంచి, పక్క తోటలో తుంచకపోతే రెక్కల పురుగు గట్టు దాటి వచ్చేస్తది. దానికి సరిహద్దు రాళ్లు తెలియవు కదా.

ఇట్లా నవంబరు మొదటి వారం నుంచి బెండ, నడిమి నుంచి వంకాయ చేతికొచ్చాయి. నాలుగు వారాలు బుట్ట నిండింది. అప్పుడు తుఫాను వచ్చింది.

మిచౌంగ్ తుఫాను. డిసెంబరు 3న బంగాళాఖాతంలో తుఫానుగా మారి, 4వ తేదీ మన తీరం పొడవునా సముద్రంలోనే పైకి నడిచి, 5వ తేదీ మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. తీరం దాటింది ఆడైనా, తడిసింది మనం. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోవడం, హైవే తెగిపోవడం మనం చూశాం. అది ఏటి వరద. ఇది అట్లాంటిది కాదు. మా ఇసుక నేల ఎంత నీళ్లైనా తాగేస్తది అనుకుంటారు బయటి వాళ్లు. కానీ మాకు నాలుగడుగులు తవ్వితే నీళ్లు ఉంటాయి. పైన వాన పడతా ఉంటే కింది నీళ్లు పైకి లేస్తాయి. కాలవలు నిండి ఉంటే పొయ్యే దోవ ఉండదు. మూడు రోజులు బెండ మోకాలు లోతు నీళ్లలో ఉండింది. వేర్లకి గాలి లేక చచ్చిపొయ్యింది. పందిరి పడిపొయ్యి బీర తీగ తెగింది. వంగ సగం వాడిపొయ్యింది. మిగిలిన సగానికి ఉప్పు గాలికి ఆకులు మాడాయి.

నీళ్లు తీసిన రోజు నుంచి చేసిన పని చెప్తా, ఎవురికైనా పనికొస్తది. ముందు చాళ్ల చివర బోదెలు తెగ్గొట్టి నీళ్లు బయటికి పంపాం. దొరువు నీళ్లు బాగానే ఉన్నాయని చూసుకుని వంగ ఆకుల మీద ఉప్పు పోయేటట్టు చల్లాం. మాడిన కొమ్మలు కత్తిరించాం. వేపపిండిలో మాగేసిన ట్రైకోడెర్మా మొదళ్లలో వేశాం. నేల ఆరినాక ద్రవజీవామృతం పారించాం. డిసెంబరు 9న, ఇంకా ఊళ్లో కరెంటు సరిగా రాకముందే, బెండ చచ్చిన చోట మెంతి, తోటకూర చల్లాం. ఇసుకలో మెంతి మూడు నాలుగు వారాల్లో కోతకొస్తది. మెరక మీద రెండో విడత నారు బతికింది. చచ్చిన వంగ చోట్లలో ఆ నారు నాటాను. తుఫాను అయిపొయ్యాక నారు కోసం తిరగాల్సి వచ్చుంటే ఇంకో నెల పొయ్యేది.

ఇప్పుడు లెక్క చూడండి. నవంబరు మొదటి వారం నుంచి మార్చి ఆఖరు దాకా 21 వారాలు. డిసెంబరులో నాలుగు వారాలు నా బుట్ట ఖాళీ. జనవరి మొదట్లో మెంతికట్టలతో మళ్లీ మొదలైంది. 17 వారాలు ఏదో ఒకటి అమ్మాను. మా ఊళ్లోనే, మాకంటే మంచి భూమి ఉన్న ఒక ఆమె ఎకరమంతా ఒకేసారి బెండ వేసింది. ఆమెకి వరసగా తొమ్మిది వారాలు రూపాయి రాలేదు. ఆమె పనిలో ఏ లోపమూ లేదు. తేడా అంతా విడతల్లో ఉంది.

ఇక్కడ మన సమాఖ్య సంగతి వస్తది. బుట్ట ఖాళీ అయిన డిసెంబరులోనే బ్యాంకు వాయిదా. సున్నా వడ్డీ రావాలంటే వాయిదా తప్పకుండా కట్టాల. మా ఆరుగురం కట్టలేకపోతే నష్టం మాకొక్కరికే కాదు, మిగిలిన నలుగురికీ సున్నా వడ్డీ పోతది. ఆ నలుగురిలో ఇద్దరు రొయ్యల చెరువుల దగ్గర కూలికి పొయ్యేవాళ్లు, ఒకామె ఇడ్లీ కొట్టు, ఒకామె బర్రెలు. వాళ్లకీ ఆ వారాలు కష్టమే. సంఘం కూర్చుంది. ఒకామె గట్టిగానే అడిగింది: "మీ తోట మునిగితే మా వడ్డీ ఎందుకు మునగాల?" అని. ఆ మాటలో తప్పేమీ లేదు. ఆమెకి జవాబు చెప్పాల్సింది మాటతో కాదని, లెక్కతోనే అని అందరికీ తెలుసు. సంఘం సొంత పొదుపులో నుంచి మా ఆరుగురి రెండు వాయిదాలు, డిసెంబరుది, జనవరిది, అంతర్గత అప్పుగా కట్టాలని, మేం ఫిబ్రవరి, మార్చి నెలల్లో వారం వారం తిరిగి కట్టాలని తీర్మానం రాశాం. మార్చి 31కి ఆరుగురూ కట్టేశారు. సున్నా వడ్డీకి ఎవురికీ అడ్డం రాలేదు.

రోజుకి రూపాయి దాచుకుందాం అని మన జిల్లాలో ఆడవాళ్లు పొదుపు మొదలుపెట్టింది సారా ఉద్యమం తర్వాత. 1992లో దూబగుంటలో లేచిన ఆడవాళ్లు సారాకి పొయ్యే రూపాయిని ఇంటికి మళ్లించారు. ఆ రూపాయి ఎందుకు దాచుకున్నాం అంటే ఇట్లాంటి నాలుగు వారాల కోసమే అని నాకు అనిపిస్తది.

ఇంకొక లెక్క ఉంది, అది తేలలేదు. పంట నష్టం 33 శాతం దాటితే పెట్టుబడి సాయానికి రాస్తారు. రాయాలంటే ముందు ఆ పంట ఈ-క్రాప్‌లో ఉండాల. మా ఆరుగురిలో ముగ్గురికి సొంత భూమి, వాళ్ల పేర్లు ఎక్కాయి. మిగిలిన ముగ్గురం కౌలు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం కావాల. యజమాని భయపడతాడు, సంతకం పెడితే రేపు భూమి తనది కాదంటారేమో అని. నిజానికి ఆ కార్డు పదకొండు నెలలకే. భూమి హక్కుకి దాంతో సంబంధం లేదు. పంట సాగుకి మాత్రమే. ఈ మాట డిసెంబరులో, నీళ్లలో నిలబడి చెప్తే ఎవురూ వినరు. జూన్‌లో, నాటకముందు చెప్పాల. మా ముగ్గురి బెండ నీళ్లలో మునిగింది అందరూ చూశారు, కాగితం మాత్రం చూడలేదు.

ఇప్పుడు బహుమతి. జనవరి ఆఖరులో ప్రదర్శన. కత్తిరించిన వంగ మళ్లీ చిగురేసి కాపుకొచ్చింది. బల్ల మీద పెట్టేదానికి ఐదు కిలోలు కావాల. ఒక్క పుచ్చు ఉండకూడదు, అన్నీ ఒకే సైజు, తొడిమ పచ్చగా ఉండాల. ఆ ఐదు కిలోలు ఏరేదానికి ఆరుగురి తోటల్లో ఒక రోజు కోత మొత్తం కుమ్మరించాం. బహుమతి వచ్చింది, ఫొటో తీశారు. ఆ ఫొటో ఈ నివేదికలో వేస్తారంట, మంచిదే.

కానీ మేం బల్ల పక్కన ఇంకొక బుట్ట పెట్టాం. దాంట్లో పుచ్చు వంకాయలు, కోసి పురుగు కనిపించేటట్టు. వాడిపోయిన కొమ్మలు. రెక్కల పురుగులు పడిన లింగాకర్షక బుట్ట. పల్లాకు పట్టిన బెండాకు. దుకాణం చూసుకునే ఒకాయన, "ఏందమ్మా, బహుమతి బల్ల పక్కన ఈ చెత్త?" అన్నాడు. తీయలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి మంచి వంకాయల దగ్గర సెల్ఫీలు, ఈ బుట్ట దగ్గర రైతులు. ఎరలు ఎక్కడ దొరకతాయి, ఎన్ని పెట్టాల, ఎన్ని రోజులకి మార్చాల, నీళ్లు నిలబడితే ఏం వెయ్యాల అని అడగతా ఉన్నారు. ఇద్దరు ఆడవాళ్లు మెంతి విత్తనం మా దగ్గరే కొనుక్కెళ్లారు. ఇళ్లకి కూరగాయలు కొనుక్కునేవాళ్లు కూడా ఆగారు. చిన్న పుచ్చు ఉన్న కాయలో ఆ ముక్క కోసేస్తే మిగతాది తినొచ్చని, కాయ నిగనిగలాడేదానికి కోతకి ముందు రోజు దాకా మందు కొట్టే తోటలు కూడా ఉంటాయని వాళ్లకి చెప్పాం. ప్రదర్శన అంటే ఇట్లా ఉండాలని నా మనవి. గెలిచిన కాయ ఒక్కటే చూపిస్తే చూసినవాళ్లు మెచ్చుకుని ఇంటికి పోతారు. పంటకాలం మొత్తం చూపిస్తే నేర్చుకుని పోతారు.

ఈ సభని నాలుగు అడుగుతున్నా.

ఒకటి, నారు. ప్రతి గ్రామ సంఘం పరిధిలో మెరక మీద ఒక ఉమ్మడి నారుమడి ఉండాల. నవంబరు నడిమిలో వంగ, మిరప నారు అందులో ఉండాల, తుఫాను వచ్చినా రాకపోయినా. రాకపోతే అమ్ముకుంటాం.

రెండు, విత్తనం. మెంతి, తోటకూర, గోంగూర విత్తనాలు ప్రతి సంఘంలో మూట కట్టి ఉంచాల. తుఫాను తర్వాత మొదట చేతికి డబ్బులొచ్చేది ఆకుకూరల్లోనే.

మూడు, వాయిదా. మేం మా సంఘంలో చేసుకున్నది గ్రామ సంఘం స్థాయిలో తుఫాను నిధిగా పెట్టండి. డిసెంబరు, జనవరి వాయిదాలు అందులో నుంచి కట్టి, మార్చి లోపల వసూలు చేసుకోండి. వసూలు అవుతుందా అని అడిగేవాళ్లకి మా తీర్మానం పుస్తకం చూపిస్తాం.

నాలుగు, కాగితం. జూన్‌లో ప్రతి ఊళ్లో ఒక రోజు, భూమి యజమానులని, కౌలు చేసే ఆడవాళ్లని, ఉద్యాన సహాయకులని ఒకచోట కూర్చోబెట్టండి. కార్డు సంగతి, ఈ-క్రాప్ సంగతి అక్కడే తేల్చండి. ఒక్కరం అడిగితే యజమాని కాదంటాడు. సంఘం అడిగితే కూర్చుని వింటాడు.

వచ్చే ఏడాది నివేదికలో కూరగాయల గురించి రాసేటప్పుడు ఎన్ని కిలోలు పండించాం, ఎన్ని బహుమతులు వచ్చాయి అన్న దాని పక్కన ఇంకొక గడి గీయండి. ఎంతమంది సభ్యుల బుట్ట ఎన్ని వారాలు ఖాళీగా ఉంది అని. ఆ అంకె తగ్గించేదానికే మనం సంఘంగా ఉన్నాం.